పేరుకూ వస్తువుకూ నడుమ

శబ్దానికీ అర్థానికీ గల సంబంధం సహజమా, సంకేతమా అన్న ప్రశ్నపై మీమాంసకులూ నైయాయికులూ శతాబ్దాల పాటు వాదించుకున్నారు. అది ఎవరూ కల్పించనిదని, శబ్దంతోపాటే ఉన్నదని మీమాంసా సూత్రకారుడు జైమిని మతం. అదే నిజమైతే అన్నం అనగానే నోరు నిండాలి, అగ్ని అనగానే కాలాలి, కత్తి అనగానే తెగాలి కదా అని ఆక్షేపించిన న్యాయశాస్త్రం, ఈ పదం వల్ల ఈ అర్థం తెలియాలన్న సంకేతమే ఆ సంబంధమని నిర్ణయించింది.

ఓరుగల్లు అన్న తెలుగు పేరు సంస్కృతంలో ఏకశిలానగరమైన కాకతీయ సీమలో ఈ ప్రశ్నకు రాతి సాక్ష్యాలే ఉన్నాయి. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలోని శివుడు ఆ రాజు పేరు మీదుగా రుద్రేశ్వరుడయ్యాడు. 1213లో సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ప్రతిష్ఠించిన శివుడూ రుద్రేశ్వరుడే. పేరు ఒకటి, సన్నిధులు రెండు. ఊరు చెప్పనిదే భక్తుడు ఏ గుడికి వెళ్లాలో తేలదు.

కంప్యూటరు భాషల్లోనూ ఈ చిక్కే ఉంది. అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే, నడిచే వేళ మెమరీలోకి చేరే కోడు సంపుటిని షేర్డ్ లైబ్రరీ అంటారు. ఒక భాషలోని ప్రోగ్రాము మరో భాషలో రాసిన అటువంటి కోడును పిలవడానికి ఉన్న ఏర్పాటు ఫారిన్ ఫంక్షన్ ఇంటర్‌ఫేస్. లినక్స్‌లో గణిత లైబ్రరీని లిబ్‌ఎమ్.ఎస్ఓ.6 అని పిలిచినప్పుడు, ఆ పేరులో ఏటవాలు గీత లేదు కనుక, లైబ్రరీని మెమరీకి ఎక్కించే లోడరు తనకు నియమించిన చోట్లలో వరుసగా వెతుకుతుంది. గీత ఉంటే ఆ పేరునే దారిగా తీసుకొని నేరుగా అక్కడికే పోతుంది. విండోస్‌లో పేరు చివర డీఎల్‌ఎల్ అని, మ్యాక్‌లో డైలిబ్ అని ఉండటం కూడా పేరుకూ లైబ్రరీకీ గల సంబంధం సంకేతమేననడానికి చాలిన నిదర్శనం.

దొరికినంత మాత్రాన పని కాదు. పదాల అర్థాలు పరస్పరం పొసగడాన్ని తార్కికులు యోగ్యత అన్నారు. నిప్పుతో తడుపుతున్నాడన్న వాక్యంలో లేనిది అదే. పైథాన్ భాషలో అటువంటి ఇంటర్‌ఫేస్ అయిన సీటైప్స్, వేరుగా చెప్పకపోతే, ప్రతి ఫంక్షనూ పూర్ణసంఖ్యనే తిరిగి ఇస్తుందని అనుకుంటుంది. అందువల్ల వర్గమూలం కట్టే ఫంక్షను పేరు సరిగ్గా దొరికినా, ఫలితం దశాంశ సంఖ్య అని ప్రకటించకపోతే చేతికి వచ్చే విలువకు అర్థముండదు.

అయినా మీమాంసకుల మాటను పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. లైబ్రరీ పేరు చివరి అంకె, పాత ప్రోగ్రాములు చెడవన్న మాట ఇవ్వడమే. ఆ మాటను నమ్మి ఇతరులు తమ పనులు కట్టుకున్న తరువాత, పేరు పెట్టినవాడికి కూడా దాని అర్థాన్ని ఇష్టానుసారం మార్చే అధికారం ఉండదు, ఉండకూడదు. 1997లో గ్నూ సీ లైబ్రరీ రెండో తరంతో వచ్చిన లిబ్‌సీ.ఎస్ఓ.6 అన్న పేరు లినక్స్‌లో ఇప్పటికీ అదే. సంకేతంగా పుట్టిన పేరు వాడుకలో నిత్యమైంది.

పాలంపేట గుడిని జనం రామప్ప గుడి అన్నారు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినప్పుడు యునెస్కో రుద్రేశ్వర, రామప్ప అన్న రెండు పేర్లనూ కలిపే నమోదు చేసింది.