పేరు కొట్టివేయక ముందు



ఒక సహోదరుడు సాక్ష్యమిచ్చి, బాప్తిస్మము పొంది, పదేళ్లు సంఘములో నమ్మకముగా నడిచాడు. తరువాత కనబడుట మానేశాడు. ఈ విషయములో తప్పిపోయినవాడు అతడొక్కడేనా? విశ్వాసములో నిలిచియుండుట ఎవరికి వారు చూచుకొనవలసిన పని అని మేము చాలాకాలము అనుకొన్నాము. ఇప్పుడు అలా అనుకొనుట లేదు. ఎందుకో మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా మన పితరులను జ్ఞాపకము చేసికొందాము. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడినది. క్లౌ దొరగారు క్రొత్త విశ్వాసులను మూడు సంగతులు అడిగేవారు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్న మాటలే. కాని ఆ దినములలో ఒక మాదిగ కుటుంబము ఆదివారము ఆసామి పొలమునకు రామని చెప్పుట, జాతరలో డప్పు కొట్టమని చెప్పుట సామాన్యము కాదు. కూలి పోవును, ఊరి పెద్దల కోపము మీదికి వచ్చును. ఒంటరివానికి అది మోయలేని బరువు. పక్క ఇంటివాడు కూడా అదే మాట చెప్పితే కొంత ధైర్యము.

1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చినది. దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. ఆ కాలములో బాప్తిస్మము కోరి వచ్చినవారిని మాత్రము ఆగమన్నారు. తిండికొరకు ఎవరూ చేరరాదని ఆయన ఉద్దేశము. కరవు సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ సంఖ్యను మనము ప్రతి పండుగలోను సంతోషముగా చెప్పుకొంటాము. ఆ మరుసటి సంవత్సరములలో వారిని ఎవరు నిలబెట్టారో అంతగా చెప్పుకొనము. స్వదేశ బోధకులు పల్లె పల్లెకు కాలినడకన తిరిగారు. మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి, ఏ పల్లెలో ఎవరు ఎలాగున్నారో చెప్పుకొన్నారు. అక్షరము వచ్చినవాడు రానివానికి నేర్పించాడు. ఏటిలో ముంచుట ఒక దినపు పని. నిలబెట్టుటకు తరములు పట్టినవి.

ఇక మా సంగతి. మేము కోలారు బంగారు గనుల ప్రాంతములో ఉన్నాము. గనులు నడిచిన కాలములో విశ్వాసములో నిలుచుట కొంత సులువుగా ఉండేది. ఒకే లైనులో ఇండ్లు, ఒకే షిఫ్టు. ఆదివారము మందిరమునకు రాకపోతే సోమవారము గని దగ్గరే ఎవరో ఒకరు అడిగేవారు. 2001లో గనులు మూతపడినవి. మనవారు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరుట మొదలైనది. కొందరికి ఆదివారమే డ్యూటీ.

ఆ రోజులలో ఒక సహోదరుడు సంఘములోని ఇద్దరి దగ్గర అప్పు చేసి తీర్చలేకపోయాడు. క్రమముగా మందిరమునకు రావడము మానేశాడు. ఏడాది గడిచిన తరువాత, నియమము ప్రకారము, పెద్దలమందరము కూర్చుండి అతని పేరు కొట్టివేశాము. చేయి ఎత్తినవారిలో మేమును ఉన్నాము. అంతకుముందు ఒక్కరమైనా అతని ఇంటికి వెళ్లలేదు.

మూడేళ్ల తరువాత రైలు స్టేషనులో కనబడ్డాడు. గుడికి ఎందుకు రావడము లేదని అడిగాము. "మొదట మీ ముఖాలు చూడలేక మానేశాను మాస్టారూ. తరువాత ప్రార్థన కూడా దానంతటదే ఆగిపోయింది. ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని రెండు క్రిస్మసులు చూశాను" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

మేము వృత్తిరీత్యా ఉపాధ్యాయులము. పిల్లవాడు వరుసగా మూడు దినములు రాకపోతే నాలుగవ దినము సాయంకాలము వాని ఇంటికి వెళ్లవలెనని శిక్షణలో నేర్చుకొన్నాము. బడిలో ఉన్నన్ని సంవత్సరములు అలాగే చేశాము. సంఘములో మాత్రము గైర్హాజరు వేసి ఊరకున్నాము.

అలాగైతే పడిపోయినవానికి బాధ్యత లేదా అని మీరు అడుగవచ్చును. ఉన్నది. రెండవ తిమోతి పత్రిక నాలుగవ అధ్యాయము చూడండి. పదవ వచనములో దేమా ఉన్నాడు. పౌలువంటివాడు ప్రక్కన ఉండగానే లోకమును కోరి వెళ్లిపోయాడు. ఎంత పట్టుకొన్నను వెళ్లేవారు వెళ్తారు. అయితే తరువాతి వచనములోనే మార్కు పేరున్నది. ఇతడును ఒకప్పుడు పంఫూలియలో పనిని విడిచి వెనుకకు వెళ్లినవాడే. అప్పుడు పౌలు అతనిని మరల వెంట తీసికొనిపోవుటకు ఒప్పుకొనలేదు. బర్నబా మాత్రము చేయి పట్టుకొని కుప్రకు తీసికొనిపోయాడు. చివరకు ఆ పౌలే, మార్కు తనకు పనికివచ్చువాడు, వెంటబెట్టుకొని రమ్మని వ్రాశాడు. ఎవడు దేమా, ఎవడు మార్కు అన్నది ముందుగా మనకు తెలియదు. తెలియదు గనుకనే బర్నబా పని చేయవలెను.

కాబట్టి నిలకడ అనగా ఎన్నడును పడకుండుట మాత్రమే అని మేము చెప్పలేము. పడినవాడు లేచుటయు, వాని కొరకు మరొకడు వేచియుండి వెళ్లుటయు దానిలో భాగమే. వెళ్లనివాడు ప్రతి ఆదివారము ముందు బల్లపై కూర్చున్నను, తాను నిలిచియున్నానని ఎలా చెప్పగలడు?

ఆ సహోదరుడు ఇప్పుడు అప్పుడప్పుడు వచ్చి వెనుక వరుసలో కూర్చుంటున్నాడు. ప్రార్థన ముగియకముందే లేచి వెళ్లిపోతాడు. ఇంకను ప్రభువు బల్లలో పాలుపొందుట లేదు. మేము చేయగలిగినది ఒకటే, అతడు లేవకముందే తలుపు దగ్గర నిలిచి చేయి కలుపుట.

ప్రియులారా, మీరు చెన్నైలో ఉన్నను, బరంపురములో ఉన్నను, షోలాపూరులో ఉన్నను, మీ సంఘపు పట్టీని ఒకసారి తెరిచి చూడండి. ఏ పేరునైనను కొట్టివేయక ముందు ఇద్దరు కలిసి ఆ ఇంటికి వెళ్లండి. అప్పు సంగతి ఎత్తవద్దు. కానుకల సంగతి ఎత్తవద్దు. కాఫీ ఇస్తే త్రాగి, ఒక చిన్న ప్రార్థన చేసి రండి. మరుసటి నెల మరల వెళ్లండి.

మనలను విడువక పట్టుకొనియున్న ప్రభువు, ఒకరినొకరు పట్టుకొను కృప మనకు దయచేయును గాక. ఆమేన్.