అదుపు తప్పిన కోరిక, యోగాభ్యాసము

దొడ్డబళ్ళాపురం మగ్గాల పనికి ఇల్లు విడిచి వచ్చి, ఒంటరి గదిలో ఉండు యౌవనస్థుడు కామవాంఛను అదుపు చేసుకొనలేకపోతే అది పాపమా, జబ్బా?

మాసాల తరబడి అదుపు తప్పి బ్రతుకు చెడుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలుకు వచ్చిన వ్యాధుల పట్టికలో రుగ్మతగా చేర్చింది. తప్పు చేసితినను బాధ ఒక్కటే ఉంటే రుగ్మత కాదనియు చెప్పింది. కాబట్టి పడిన ప్రతివాడు రోగి కాడు. రోగియైన వానిని నిందించుట వైద్యము కాదు.

ఆసనములు, నిదానముగా ఊపిరి తీయుట ఆందోళనను తగ్గించగలవు. కోరికకును క్రియకును మధ్య కొంచెము ఎడము దొరకవచ్చును. ఆ ఎడములో ఏమి చేయవలెనో నిర్ణయించుకొనుట మాత్రము మనిషి పనియే. యోగా తోడు మాత్రమే, వైద్యుడు ముందు. బెంగళూరు నిమ్హాన్స్‌లో రెండును ఉన్నవి.

సిగ్గుపడి దాచుకొనవద్దు. వినిన మాట బయటపెట్టకుండుట పెద్దలమైన మా బాధ్యత.