కొత్త పువ్వు ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా ఏ నర్సరీలోకి వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది: "ఇది కొత్త వెరైటీ సార్." అది కడియం నుంచి విజయవాడ హైవే మీదుగా లారీలో వచ్చిన మందారం కావొచ్చు, థాయ్‌లాండ్ రకమని చెప్పే ముద్ద అడీనియం కావొచ్చు. పక్కనే ఉన్న మామూలు మొక్క కంటే ధర మాత్రం బాగా ఎక్కువ. మట్టి అదే, కుండీ అదే, పోసే నీళ్లూ అవే. అదనంగా ఇచ్చే డబ్బంతా "కొత్త" అన్న మాటకే. మరి ఆ కొత్తదనాన్ని తెచ్చింది ఎవరు? తెచ్చినవాళ్లకి దాని మీద ఏం హక్కు ఉంది? హక్కు గురించి చాలామంది మాట్లాడారు, చట్టాలు కూడా వచ్చాయి. నాకు ఇంకో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది: తెచ్చినవాళ్ల మీద ఏం బాధ్యత ఉంది?

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. మందారాన్నే తీసుకుందాం, మన డాబాల మీద ఎక్కువగా ఉండేది అదే కాబట్టి. రేక మందారం మధ్యలోంచి ఒక కాడ పొడుచుకొచ్చి ఉంటుంది కదా. దాని చుట్టూ పసుపు పుప్పొడి, కొసన ఐదు చిన్న గుండ్లు ఉంటాయి. ఇంకో రకం మందారం పుప్పొడి తెచ్చి, పొద్దున్నే మెత్తటి బ్రష్షుతో ఆ గుండ్ల మీద అద్దాలి. తొడిమకి దారం కట్టి, తల్లి ఏదో తండ్రి ఏదో చీటీ మీద రాసుకోవాలి. చాలా పూలు నిలవవు, రాలిపోతాయి. నిలిచిన కాయ ఎండి పగలడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. గింజ మొలిచి, పెరిగి, మొదటి పువ్వు చూపించేసరికి ఏడాది దాటిపోతుంది.

ఇందులో మనిషి చేసిందెంత? పుప్పొడి అద్దడం పిట్టలూ పురుగులూ కూడా చేస్తాయి. ఏ రంగు రావాలో, రేకులెన్ని ఉండాలో మనం చెప్పలేం. మనం పెంచే మందారాలు తరతరాలుగా సంకరమైనవి. అసలు ఈ జాతి అడవిలో తనంతట తాను పెరుగుతున్న చోటు ఇంతవరకూ ఎక్కడా నమోదు కాలేదు. అంత కలగలుపు రక్తం ఉంది కాబట్టే ఒకే కాయలోని గింజలు ఒక్కోటీ ఒక్కో రకం మొక్కవుతాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల పనిలో ఒకే ఇన్‌పుట్ ఇచ్చినప్పుడల్లా వేరే అవుట్‌పుట్ వస్తే దాన్ని బగ్ అంటాం, రాత్రంతా కూర్చుని సరిచేస్తాం. ఇక్కడ ఆ బగ్గే పెట్టుబడి.

కాబట్టి మనిషి పని నిజంగా మొదలయ్యేది పువ్వు విచ్చుకున్నాకే. వరసగా ఉన్న మొక్కల్ని చూసి, ఒకటో రెండో ఉంచుకుని, మిగతావాటిని తీసెయ్యడం. కొత్త రకాన్ని "సృష్టించాడు" అంటాం గానీ, జాగ్రత్తగా చూస్తే అతను చేసింది చూడటం, ఎంచుకోవడం.

ఈ మాటకి చరిత్రలో మంచి సాక్ష్యం ఉంది. అమెరికాలో మొక్కలకి పేటెంట్ ఇవ్వొచ్చని 1930లో చట్టం చేశారు. మరుసటి ఏడాది, 1931 ఆగస్టులో, మొదటి మొక్క పేటెంట్ హెన్రీ బోసెన్‌బర్గ్ అనే తోటపని ఆయనకి 'న్యూ డాన్' అనే తీగ గులాబీ మీద దక్కింది. ఆ గులాబీని ఆయన సంకరం చేసి పుట్టించలేదు. 'డాక్టర్ డబ్ల్యూ. వాన్ ఫ్లీట్' అని అంతకుముందే ఒక తీగ గులాబీ ఉంది. అది ఏడాదికి ఒక్క విడతే పూస్తుంది. దాంట్లో తనంతట తానే ఒక మార్పు వచ్చి, ఆ మొక్క మళ్లీ మళ్లీ పూయడం మొదలుపెట్టింది. బోసెన్‌బర్గ్ దాన్ని గమనించాడు, కొమ్మలతో పెంచాడు. అంటే ప్రపంచంలో మొట్టమొదటి మొక్క పేటెంట్ ఎవరూ తయారుచెయ్యని పువ్వుకి వచ్చింది.

అయితే అతని గొప్పేముంది అని కొట్టిపారెయ్యొచ్చు. నేను అంత దూరం వెళ్లను. గమనించడం చిన్న పని కాదు. అదే తోటలో ఇంకా ఎంతోమంది నడిచి ఉంటారు. రెండో విడత పువ్వుని చూసి "ఓహో" అనుకుని వెళ్లిపోయిన వాళ్లకీ, ఆగి కొమ్మ కోసి నాటిన వాడికీ తేడా ఉంది. ఆ చట్టం కూడా ఈ తేడాని పట్టుకుంది. కొత్త రకాన్ని కనుక్కుంటే సరిపోదంది, గింజతో కాకుండా కొమ్మతోనో అంటుతోనో దాన్ని మళ్లీ పుట్టించి చూపించాలంది. కనుక్కోవడం ఒక్క క్షణంలో జరిగిపోవచ్చు. మళ్లీ మళ్లీ పుట్టిస్తూ ఉండటానికి మాత్రం అంతం లేదు.

ఆ రెండో పని ఎవరు చేస్తారో తెలియాలంటే మన కనకాంబరం దగ్గరికి రావాలి. పూలబండి మీద ఢిల్లీ కనకాంబరం అని అమ్ముతారు కదా, ముదురు నారింజ రంగుది. అందులో క్రోమోజోముల సెట్లు రెండు కాదు, మూడు. మూడింటిని రెండు సమాన భాగాలు చెయ్యడం కుదరదు కాబట్టి ఆ మొక్కకి గింజ కట్టదు. దాన్ని కొమ్మలతోనే పెంచాలి. అంటే ఈ రోజు ఒకామె జడలో ఉన్న ఢిల్లీ కనకాంబరం, పక్క జిల్లా పొలంలో ఉన్నదీ, రెండూ ఎప్పటిదో ఒకే మొక్క ముక్కలు. ఒకరి తర్వాత ఒకరు కొమ్మ కోసి నాటుతూ వచ్చారు. మధ్యలో అందరూ ఒక్కసారి ఆపేసి ఉంటే ఆ రంగు ఇప్పుడు ఉండేది కాదు. మనదగ్గర మాలకట్టే ఈ పువ్వే యూరప్‌లో కిటికీ పక్కన కుండీ మొక్క. స్వీడన్‌లో తయారైన పొట్టి రకానికి 'మోనా వాల్‌హెడ్' అని పేరు కూడా ఉంది. పేరు ఒకరిది. బతికించింది వేలమంది, వాళ్ల పేర్లు ఏ చీటీ మీదా లేవు.

ఇక్కడే అసలు నైతిక ప్రశ్న మొదలవుతుంది. మనకి అందంగా కనిపించేది చాలాసార్లు మొక్క వైపునుంచి చూస్తే లోపం. ముద్దమందారంలో పుప్పొడి మోసే కేసరాలు రేకులుగా మారిపోతాయి, అందుకే అంత ముద్దగా ఉంటుంది. అలా మారిపోయిన కొద్దీ ఆ పువ్వు పుప్పొడి ఇవ్వలేదు. డిసెంబర్‌లో ఎర్రటి ఆకులతో కుండీల్లో దిగే పాయిన్‌సెట్టియా సంగతి ఇంకా చిత్రం. మెక్సికోలో అది నిటారుగా పెరిగే పొద. కుండీకి సరిపడేలా పొట్టిగా, గుబురుగా కొమ్మలెయ్యడం దాని స్వభావం కాదు. కాలిఫోర్నియాలో ఎక్ అనే కుటుంబం గుబురు మొక్కలు తయారుచేసి కొన్ని దశాబ్దాలపాటు ఆ మార్కెట్‌ని ఏలింది. కిటుకు అంటుకట్టడంలో ఉంది: గుబురు మొక్కతో అంటుకడితే కొత్త మొక్కకి కూడా ఆ గుణం వచ్చేది. 1997లో శాస్త్రవేత్తలు కారణం బయటపెట్టారు. ఫైటోప్లాస్మా అనే ఒక రకం బ్యాక్టీరియా సోకడం వల్ల ఆ కొమ్మలు వస్తున్నాయి. అంటుకట్టినప్పుడు కొత్త మొక్కలోకి వెళుతున్నది అదే. అంటే మనం పండక్కి కొని బల్ల మీద పెట్టుకునేది ఒక తీరైన జబ్బుని.

మొక్కకి నొప్పి తెలియదు కదా, ఇందులో అన్యాయం ఏముంది అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. నేను కూడా మొక్క బాధపడుతోందని అనడం లేదు. నా అభ్యంతరం వేరే. అడవి మొక్కకి మనం అక్కర్లేదు. గింజ కట్టని పువ్వుని ఎంచుకున్న రోజున, మనం లేకపోతే బతకలేని ఒక ప్రాణిని ఎంచుకున్నాం. హాని నొప్పిలో ఉండక్కర్లేదు, ఆధారపడేలా చేసి వదిలెయ్యడంలోనే ఉంటుంది. ఓపెన్ సోర్స్‌లో ఇది మాకు బాగా తెలిసిన సంగతి. ఎవరో ఉత్సాహంగా ఒక లైబ్రరీ రాస్తారు, వేలమంది దాని మీద ఆధారపడతారు. ఆ తర్వాత అసలైన భారమంతా రాసినవాడి మీద కాదు, దాన్ని ఏళ్లతరబడి నడిపించే మెయింటెయినర్ మీద పడుతుంది. రాయడానికి చప్పట్లు ఉంటాయి. నడిపించడానికి ఫిర్యాదులే ఉంటాయి.

ఇంకో చిక్కు ఉంది. ఒకటి ఉంచితే మిగతావి ఏమవుతాయి? చైతన్యపురిలో మా డాబా మీద నేను సంకరం చేసిన మందారం నారు నలభై దాకా ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు తగ్గిపోయి ట్యాంకర్ తెప్పించుకోవాలి. ట్యాంకర్ డబ్బు అన్ని ఫ్లాట్ల వాళ్లూ పంచుకుంటారు. ముప్ఫై తొమ్మిది తీసెయ్యబోయే మొక్కలకి అందరి నీళ్లు పొయ్యొచ్చా? పొయ్యకపోతే ఆ నలభయ్యోది ఎలా తెలుస్తుంది? ఈ లెక్కకి సులువైన జవాబు లేదు. స్నానాల గదిలో పట్టిన బకెట్ నీళ్లే వాటికి పోస్తున్నాను. దాంతో లెక్క చిన్నదవుతుంది గానీ తీరిపోదు.

ఒక దారి మాత్రం కింది ఫ్లాట్ ఆంటీ చూపించింది. వాళ్లది నల్లగొండ వైపు. పువ్వు చిన్నదిగా, లేత గులాబీ రంగులో, రేకులు కాస్త వాలిపోయినట్టు వచ్చిన ఒక మొక్కని నేను పక్కన పెట్టాను. ఆమె చూసి, "గిది మంచిగ లేదంటవేంది బాబూ? రోజు పూస్తదా, లేదా? దేవునికి పెద్దదేంది, చిన్నదేంది" అని కుండీతో సహా తీసుకెళ్లింది. నా కొలత పువ్వు వెడల్పు, రంగు, ఇంతకుముందు చూడనిది కావడం. ఆమె కొలత రోజుకి ఎన్ని పూస్తుందన్నది. పనికిరాదు అన్నది మొక్క గుణం కాదని, కొలిచేవాడి చేతిలో ఉన్న టేపు గుణమని నాకు అప్పుడు అర్థమైంది. తీసెయ్యడం తప్పదు గానీ, తీసేసేముందు ఇంకో కొలత ఉన్న మనిషికి చూపించడం మనం చెయ్యగలిగిన పనే.

ఇక చట్టం. మనదేశంలో 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చేశారు. కొత్త రకాన్ని నమోదు చెయ్యాలంటే అది కొత్తదై ఉండాలి, ఉన్నవాటికంటే వేరుగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరం మారినా ఆ గుణం నిలవాలి. నమోదైతే చెట్లకి, తీగలకి 18 ఏళ్లు, మిగతా పంటలకి 15 ఏళ్లు హక్కు. నాకు నచ్చే సంగతులు రెండు ఇందులో ఉన్నాయి. నమోదైన రకాన్ని ప్రయోగాలకీ, ఇంకో కొత్త రకానికి మొదలుగానూ ఎవరైనా వాడుకోవచ్చు. రైతు తన పంట గింజని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. చేసినవాడికి కూలి దక్కాలి, అలాగని దారి మూసుకుపోకూడదు అన్న ఆలోచన అందులో ఉంది. పదేళ్లు వేల మొక్కలు పెంచి ఒకటి తేల్చినవాళ్లు దాని మీద బతకాలనుకోవడం అత్యాశ కాదు.

కానీ ఆ చట్టం అడిగే ప్రశ్నలన్నీ పుట్టుక గురించినవే. కొత్తదా, వేరేదా, నిలకడైనదా అని అడుగుతుంది. పదహారో ఏట, కొనేవాళ్లు ఇంకో కొత్త రంగు వైపు వెళ్లిపోయినప్పుడు, ఈ మొక్కకి ఎవరు కొమ్మ కోస్తారు అని అడగదు. మార్కెట్ ఎలాగూ అడగదు, "కొత్త" అన్న మాటకి డబ్బిచ్చే చోట పాతబడటమే మొక్క చేసే నేరం. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది మన వీధుల్లో ఇంకా మిగిలి ఉన్న ఒక అలవాటు మాత్రమే: గోడ అవతలనుంచి "ఒక కొమ్మ ఇస్తారా అండీ" అని అడగడం, ఇవతలనుంచి కాదనకుండా విరిచి ఇవ్వడం. ఏ జీన్ బ్యాంకూ పట్టించుకోని ఎన్నో మందారాలు ఈ అలవాటు వల్లే ఇంకా పూస్తున్నాయి.

అందుకని కొత్త పువ్వు ఎవరిది అన్నదానికి నా జవాబు ఇది. పుట్టుక వరకూ అది ఎవరిదీ కాదు. గమనించి ఉంచుకున్న రోజునుంచి కొంతకాలం ఆ మనిషిది, దానికి చట్టం ఉంది. ఆ తర్వాత అది దాన్ని బతికిస్తున్న అందరిదీ. ఈ మూడో దశ రాకముందే దానికి సిద్ధపడటం మొదటి మనిషి ధర్మం. గింజ కట్టని మొక్కని ఎంచుకుంటే మరీను. దానికి పేరు పెట్టే ముందు కనీసం నాలుగు ఇళ్లలో అది వేళ్లూనుకునేలా చూడాలి. అమ్ముకునేవాళ్లు అప్పుడే అలా పంచలేరు. కానీ హక్కు గడువు తీరిన రోజున, అమ్మకం ఆగిన రోజున వాళ్లు కూడా ఈ పని చెయ్యగలరు. హక్కు గడువు 15 ఏళ్లని రాసుకున్నాం. బాధ్యత గడువు మాత్రం ఎక్కడా రాయలేదు, అది ఆ మొక్క ఉన్నంతకాలం.