తప్పుకూ ఒక చోటు

పోటీ రోజు ఆటకంటే, దానికి ముందు ఆడే ప్రాక్టీస్ రౌండే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. అందులోనూ గోల్ఫ్‌ను బతుకుతెరువుగా కాక ఇష్టం కొద్దీ ఆడే అమెచ్యూర్ రౌండ్. ఆ రోజు అతను స్కోరు పట్టించుకోడు. బంతి చక్కగా గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, పడినా అక్కడితో ఊరుకోడు. జేబులోంచి ఇంకో బంతి తీసి పక్కనున్న ఇసుక బంకర్‌లో వేసి, అక్కణ్ణుంచి కొట్టి చూస్తాడు. గ్రీన్ వెనక గడ్డిలోంచి ఒకటి, వాలు పైనుంచి ఒకటి. ఇవాళ జెండా ఉన్న చోటును వదిలేసి, రేపు పెట్టే వీలున్న మూలల వైపు పట్ చేస్తాడు, అంటే బంతిని నేలమీదే దొర్లిస్తాడు. చివరికి వెనక్కి తిరిగి, తాను వచ్చిన దారినంతా, మొదటి షాట్ కొట్టే టీ దాకా, తేరిపార చూస్తాడు.

మంచి షాట్ పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. గురి తప్పిన బంతి ఎటు పోతే కోలుకోవచ్చు, ఎటు పోతే కోలుకోలేం అన్నదే అతను తెలుసుకోవాలనుకుంటున్నది. కోర్సు వ్యూహమంతా ఈ ప్రశ్నలోంచే పుడుతుందని నా నమ్మకం.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు చూస్తే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. అక్కడ 112 బంకర్లున్నాయి. పన్నెండో హోల్ టీ దగ్గర నిలబడితే ఎదురుగా కనిపించేది పచ్చిక మాత్రమే. దాని మధ్యనున్న బంకర్లు కంటికి ఆనవు. ఒకప్పుడు ఈ కోర్సును ఎదురు దిశలోనూ ఆడేవారు. అటునుంచి వచ్చేవాళ్లకు అవి స్పష్టంగా కనబడతాయి. ఆదివారాలు సాధారణంగా ఇక్కడ ఆట ఉండదు, జనం నడకకు వస్తారు. ఆ రోజు చివరి హోల్ నుంచి వెనక్కి నడిచి చూసిన ఆటగాడికి, ఎన్నో రౌండ్లు ముందుకే చూస్తూ ఆడినా తెలియని సంగతులు తెలుస్తాయి.

పదిహేడోది రోడ్ హోల్. బ్రిటన్‌లో జరిగే ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీల్లో 495 గజాలు, పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్. గ్రీన్ ముందు ఎడమవైపు లోతైన బంకర్, వెనక రోడ్డు, దాని అవతల రాతిగోడ. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు షాట్లలోనే ఈ గ్రీన్ చేరాడు. పట్ చేస్తే బంతి వాలులో దొర్లి ఆ బంకర్‌లో పడింది. బయటపడడానికి నాలుగు షాట్లు పట్టాయి. ఆ హోల్‌కు మొత్తం 9. ఇక్కడ హ్యాండిక్యాప్ 18 ఉన్న అమెచ్యూర్ లెక్క వేరు. అతనికి హోల్‌కు ఒక షాట్ వెసులుబాటు ఉంటుంది కనుక 5 కొట్టినా పార్‌తో సమానమే. అలాంటప్పుడు రెండో షాట్‌కే గ్రీన్ మీదికి ఎగబడడం దేనికి? కుడివైపు కాస్త ముందే ఆపి, మూడో షాట్‌తో పైకి చేర్చి, రెండు పట్‌లతో ముగిస్తే చాలు. ప్రాక్టీస్ రౌండ్‌లో అతను ఆ కుడిపక్క నుంచే మళ్లీ మళ్లీ కొట్టి చూసుకునేది అందుకే.

దీన్ని పిరికితనం అనలేం. పిరికివాడు ప్రమాదాన్ని చూడకుండానే వెనక్కి తగ్గుతాడు. ఇతను దాని దగ్గరికి వెళ్లి, కొలిచి వచ్చాడు. 2000 ఓపెన్‌లో టైగర్ వుడ్స్ ఇదే కోర్సులో నాలుగు రౌండ్లూ ఒక్క బంకర్‌లో కూడా పడకుండా, పార్ కంటే 19 షాట్లు తక్కువతో గెలిచాడు. అంత బలమున్నవాడికీ ఎటు పోకూడదో తెలియడం అవసరమైంది.

అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ పోటీల్లో ఆడినంత కాలం అమెచ్యూర్‌గానే ఉన్నారు. 1921లో, 19 ఏళ్ల వయసులో, ఇక్కడి ఓపెన్ మూడో రౌండ్‌లో మొదటి తొమ్మిది హోల్స్‌కు 46 షాట్లు తీసుకున్నారు. పదకొండో హోల్ బంకర్‌లో చిక్కుకుని పోటీ నుంచే తప్పుకున్నారు. అదే కోర్సులో 1927లో ఓపెన్, 1930లో బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచారు. తర్వాత కోర్సుల రూపశిల్పి అలిస్టర్ మెకంజీతో కలిసి అమెరికాలో రూపొందించిన ఆగస్టా నేషనల్ కోర్సులో, సాధారణ ఆటగాడు నెమ్మదిగా సాగిపోయేందుకు వెడల్పైన దారులు ఉంచారు. తన ఓటమిని ఇంత శ్రద్ధగా చదివి, ఆ చదువును ఇతరులకు దారిగా మలిచినవారంటే నాకు గౌరవం.

మనం పథకాలు వేసుకునేటప్పుడు అన్నీ కలిసొచ్చే రోజునే ఊహించుకుంటాం. అనంతపురం మెట్ట రైతు అలా చేయడు. వాన ముఖం చాటేసి ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుందని వేరుశనగ సాళ్ల మధ్య కంది వేస్తాడు. పంట మీద ఆశ లేనివాడు చేసే పని కాదది. తన నేల గుణం, తన ఆకాశం తీరు ఎరిగినవాడు చేసే పని.

అమెచ్యూర్ తన చేతి తీరును కూడా అలాగే ఎరగాలి. ఎప్పుడో ఒకసారి పడే గొప్ప షాట్‌ను లెక్కలోంచి తీసేసి, మామూలుగా పడే షాట్‌కు తగ్గట్టు దారి వేసుకోవాలి. మన కొలత మనం ఒప్పుకోవడం కష్టమే. కానీ బంతి తప్పినా నిలదొక్కుకునే చోటు ముందే తెలిసినవాడి చేతుల్లో బిగుతు ఉండదు. అతని షాట్ నిండుగా, ధీమాగా సాగుతుంది. ముందుచూపు మనిషికి ఇచ్చే అసలైన స్వేచ్ఛ ఇదేనని నేననుకుంటాను.