విజియో కోసం తిరగబాక తల్లీ

అమ్మాయ్,

మైపాడులోని మీ రొయ్యల గుంటల్లోకి నీళ్ళు ఎట్టా వస్తాయో, ఎట్టా పోతాయో మీ కాలేజీ ప్రాజెక్టుకి ఫ్లోచార్ట్ గీస్తుండావని మీ నాయన చెప్పాడు. నీ ల్యాప్‌టాప్‌లో ఉండేది ఉబుంటు లినక్స్, అందులో ఫ్లోచార్టులు గీసే విజియో ఎక్కడం లేదు, ఎవరో విండోస్ దొంగ కాపీ వేసుకోమన్నారని కూడా చెప్పాడు. వద్దమ్మా. 1992లో షేప్‌వేర్ అనే కంపెనీ విజియోని తెచ్చింది, 2000లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. లినక్స్‌లో ఎక్కించుకునే విజియోని మైక్రోసాఫ్ట్ చేయలేదు. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపే వైన్ పెట్టి నడిపిద్దామని కూర్చుంటే గడువు కాస్తా దాటిపోద్ది.

ముందు కాగితం మీద గీసుకో. మీ ఇంజనీరింగ్ పిల్లలకి ఫ్లోచార్ట్ అంటే ప్రోగ్రామే గుర్తుకొస్తది గానీ, 1921లో గిల్‌బ్రెత్ దంపతులు అమెరికాలో మెకానికల్ ఇంజనీర్ల ముందు ఈ పద్ధతి పెట్టింది ఫ్యాక్టరీ పనుల కోసం. అప్పటికి కంప్యూటర్ ఎక్కడిది? కాబట్టి రొయ్యల గుంటకీ అది బాగానే అమురుద్ది. ఉప్పుటేటి నీళ్ళు మోటారుతో రిజర్వాయర్ గుంటలోకి, అక్కడ బ్లీచింగ్. తర్వాత ప్రశ్న కోసం డైమండ్ పెట్టు: క్లోరిన్ పోయిందా? పోతే సాగు గుంటలోకి, పోకపోతే ఏరేటర్లు తిప్పి మళ్ళీ పరీక్ష. రొయ్య పిల్లల సీడ్ దగ్గర ఇంకో డైమండ్: పీసీఆర్ పరీక్షలో తెల్లమచ్చ వైరస్ ఉండాదా? ఈ మాత్రం కాగితం మీద తేలేదాకా మౌస్ పట్టుకోబాక.

ఇక సాఫ్ట్‌వేర్. నీకు నేను చెప్పేది డ్రా.ఐఓ. బ్రౌజర్లో వాడేదే అందరికీ తెలుసు, అది కాదు, డెస్క్‌టాప్‌ది దించుకో. ఒకసారి దించుకున్నాక నెట్ అక్కర్లేదు. గుంట గట్టు మీద సిగ్నల్ ఎట్టా ఉంటదో నీకు చెప్పనక్కర్లేదు గదా! డబ్బు కట్టే పని లేదు, ఖాతా తెరిచే పనీ లేదు. పెట్టెని పక్కకి లాగితే బాణం వెంట వస్తది. బొమ్మని పీఎన్‌జీగా తీసేటప్పుడు డయాగ్రామ్ కాపీని కూడా అందులోనే ఉంచాలా అని అడుగుద్ది, ఆ గడిలో టిక్కు పెట్టు. రేపు ఆ బొమ్మనే మళ్ళీ డ్రా.ఐఓలో తెరిచి దిద్దుకోవచ్చు. అయితే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించి ఆ లోపలి సరుకు తీసేస్తది, డాక్యుమెంటుగా పంపు.

మీ సారు విజియో ఫైలు ఇచ్చి దీన్నే మార్చుకురమ్మంటే లిబ్రెఆఫీస్ డ్రా ఉండాది. 2012లో వచ్చిన 3.5 నుంచి అది విజియో ఫైళ్ళు తెరుస్తుండాది. తెరవడమే, తిరిగి విజియో ఫైలుగా రాయడం దాని చేత కాదు. ఆ సంగతి సారుకి ముందే చెప్పు.

డియా పేరు కూడా వింటావు. 1998 నాటిది, ఫ్లోచార్ట్ ఆకారాలన్నీ ఉంటాయి, తేలిగ్గా నడుస్తది. కానీ 0.97 దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయింది. కొత్తగా నేర్చుకునేదానివి నీకెందుకు?

పెట్టెలు వంద దాటితే మాత్రం చేత్తో సర్దబాక. ఏటీ అండ్ టీ ప్రయోగశాలలో పుట్టిన గ్రాఫ్‌విజ్‌కి ఫలానా దాని తర్వాత ఫలానాది అని రాసిస్తే చాలు, బొమ్మ అదే పేర్చుకుంటది. 2014లో వచ్చిన మర్మెయిడ్‌దీ అదే దారి. ఏడాది తర్వాత ఎక్కడ ఏం మారిందో ఆ రాతలోనే కనపడద్ది. గుంటలు మూడే ఉన్న మీకు ఇప్పుడది అనవసరం అనుకో.

పెట్టెల్లో మాటలు తెలుగులోనే రాయి. మీ నాయనా, గుంటల కాడ పనోళ్ళూ చదవాలి గదా. పాత అనూ ఫాంట్లతో టైపు చేసింది తెచ్చి అతికించబాక, అది యూనికోడ్ కాదు, పిచ్చి గీతలొస్తాయి. నోటో సాన్స్ తెలుగు పెట్టుకో. ప్రింటింగ్ షాపుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ చేసి ఇవ్వు, ఫాంటు దాంట్లోనే పోద్ది. ఎస్‌వీజీ ఇస్తే వాళ్ళ కంప్యూటర్లో ఆ ఫాంటు లేక ఒత్తులు చెల్లాచెదురవచ్చు.

మీ నాయన నీ కాగితం ఫొటో తీసి పంపాడు. బాగా గీశావు. కానీ సాగు మధ్యలో తెల్లమచ్చ కనపడితే అని ఒక డైమండ్ పెట్టి, ‘అవును’ బాణాన్ని గాల్లో వదిలేశావు. 1994-95లో ఆ వైరస్ మన తీరాన్ని ఊడ్చినప్పుడు టైగర్ రొయ్య మీద పెట్టిన సొమ్మంతా పోగొట్టుకున్నోళ్ళు ఇంటికొకరు కనపడేవాళ్ళు. జబ్బు గుంట నీళ్ళు ఒకరు తూము ఎత్తి కాలవలోకి వదిలేవాళ్ళు, దిగువనుండే ఇంకొకరు అవే నీళ్ళు మోటారు పెట్టి తోడుకునేవాళ్ళు. ఇప్పుడు సాగు ఎక్కువగా వనామి రొయ్యదే, ఆ వైరస్ దీన్నీ వదల్లేదు. ఆ బాణం నేరుగా కాలవలోకి పోకూడదు తల్లీ. తూము మూసి, గుంటలోనే బ్లీచింగ్ వేసి, నీళ్ళని కొన్నాళ్ళు నిలబెట్టాలి. ఎన్నాళ్ళు, ఎంత మోతాదు అనేది ఫిషరీస్ ఆఫీసరుని అడిగి ఆ పెట్టెలో అంకెలతో రాయి. పక్క గుంటల వాళ్ళకి ఫోన్ చేయడానికి ఒక పెట్టె వేరేగా పెట్టు.

ఇట్లు,
మీ పెదనాయన