కలిసి చదివితే ఈమాన్ చెదురుతుందా?

అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో 1955లో ఇటుకలతో గుండ్రంగా కట్టిన ప్రార్థనా మందిరం ఉంది. దాన్ని వేర్వేరు మతాల విద్యార్థులు వాడుకుంటారు. అలాంటి చోట మా పిల్లల ఈమాన్ ఏమవుతుందని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ భయం సహజమే.

నజ్రాన్ క్రైస్తవులు మదీనా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తమ మస్జిద్‌లోనే వారిని వారి పద్ధతిలో ప్రార్థన చేసుకోనిచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. అయినా తౌహీద్ విషయంలో ఆయన ఏమాత్రం రాజీపడలేదు. మర్యాద వేరు, విశ్వాసం వేరు.

మన బిడ్డ నమాజు వదిలేస్తే ముందు పక్క గది స్నేహితుణ్ణి నిందించకండి. ఇంట్లో మనమేం నేర్పామో చూసుకుందాం. వేళకు నమాజు చేస్తూ, జబ్బుపడిన తోటి విద్యార్థికి మతం అడగకుండా అన్నం తెచ్చిపెట్టే బిడ్డను పంపుదాం. అల్లాహ్ మన సంతానానికి ఆ స్థైర్యం ప్రసాదించుగాక! ఆమీన్.