శీలగ్రహణమును శీలాచరణమును

రాజగృహమున సిగాలుడను గృహస్థకుమారు డొకడు, మరణశయ్యపై తండ్రి చెప్పిన మాట ననుసరించి, ప్రతిదినమును ఉదయమున తడిబట్టలతో నిలిచి ఆరు దిక్కులకును మ్రొక్కుచుండెను. భిక్షకై పోవుచుండిన బుద్ధు డాతనిని చూచి, మ్రొక్కు మానుమని చెప్పలేదు. తూర్పనగా తల్లిదండ్రులనియు, దక్షిణ మనగా గురువులనియు, పడమర యాలుబిడ్డలనియు, ఉత్తరము స్నేహితులనియు, క్రింది దిక్కు పనివారనియు, మీది దిక్కు శ్రమణ బ్రాహ్మణులనియు బోధించెను. పనివానికి శక్తికి తగిన పనియే చెప్పుట, కూడును కూలియు నిచ్చుట, జబ్బుపడినపుడు కనిపెట్టుట, వేళకు విశ్రాంతి నొసగుట: ఇదియే క్రింది దిక్కునకు మ్రొక్కు. గృహస్థధర్మ మింతకంటె తేటగా చెప్పబడిన చోట్లు మిక్కిలి యరుదని మా తలంపు.

ఈ బోధను శిరసావహించిన దేశములలో నేమి జరుగుచున్నది? థాయిలాండు, కాంబోడియాలలో కొన్ని విహారముల వాకిళ్లయొద్ద చిన్నపిట్టలను పంజరములలో నుంచి యమ్ముదురు. భక్తుడు వెలయిచ్చి పంజరము తెరచి, ప్రాణికి అభయ మిచ్చిన పుణ్యము గడించితినని సంతసించును. కాని యా పిట్ట పంజరములోని కెట్లు వచ్చెను? విడిపించుకొనువా డున్నాడు గనుకనే దానిని వలపన్ని పట్టిరి! పట్టునపుడు కొన్నియు, ఇరుకున కుక్కినపుడు కొన్నియు చచ్చును. విడువబడినవానిలో కొన్ని మరల వలలో పడి మరల నమ్ముడుపోవును. ప్రాణివిక్రయము ఉపాసకునకు తగని యైదు వర్తకములలో నొకటియని అంగుత్తరనికాయము చెప్పుచున్నది. ఆ వర్తకమునకు మూలధనము పుణ్యకాముని సంచిలోనుండియే వచ్చుచున్నది.

పరదేశీయుల దోషము లెన్నుట మా యుద్దేశము కాదు. పర్వదినమున అన్నదానము చేసి మరునాడు పాలేరు కూలి తెగగోయువారు మన వీధులలోను గలరు.

శ్రీలంకలో ప్రతి పౌర్ణమియు పోయదినము. ఆనాడు సెలవు, మద్యమాంసముల యంగళ్లు మూయబడును. తెల్లని వస్త్రములతో అష్టశీలములు గ్రహించి విహారమున కూర్చున్నవారిని చూచుట కన్నులపండువే. అయినను ప్రాణిహింస చేయననెడి మొదటి శీలము పౌర్ణమికి మాత్రమే యేర్పడినది కాదుగదా! 1983 జూలైలో కొలంబోనగరమున తమిళుల యిండ్లను, అంగళ్లను తగులబెట్టి వారిని చంపిన గుంపులలో, బాల్యమునుండి ఆ శీలమును వల్లించినవారు లేకపోయిరని యెవరు చెప్పగలరు? ఆ దినములలోనే ప్రాణములకు తెగించి పొరుగు తమిళులను తమ యిండ్ల దాచిన సింహళీయులును గలరు. వారు విహారమునకు పోవువారా కారా యని యడుగ నక్కరలేదు.

వినయపిటకమున నొక వృత్తాంతము గలదు. అతిసారముచే నొక భిక్షువు తన మలమూత్రములలోనే పడియుండెను. అతడు తమ కెన్నడు నుపకారము చేయలేదని తోడి భిక్షువు లాతనిని విడిచిరి. వారును కాషాయము ధరించినవారే, నియమములు తప్పనివారే. బుద్ధుడు ఆనందునిచే నీరు తెప్పించి, తాను పోయగా ఆనందుడు కడిగెను. పిమ్మట తలవైపు బుద్ధుడును, కాళ్లవైపు ఆనందుడును పట్టి యెత్తి, ఆ రోగిని మంచముపై పరుండబెట్టిరి.